ఎడిటింగ్ సిస్టమ్ స్పీడ్ పెరగాలంటే ఏది ముందు మార్చాలి? ప్రాసెసరా, గ్రాఫిక్ కార్డా, ర్యామా, ఎస్‌ఎస్‌డీనా?

మాఘమాసం నుంచి వైశాఖం దాకా కర్నూలు, అనంతపురం, కడపల్లో వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు సరిగ్గా నిద్ర ఉండదు. ఒకే ముహూర్తానికి రెండు మూడు పెళ్లిళ్లు, ఒక్కో పెళ్లికి మూడు నాలుగు కెమెరాలు, పైన డ్రోన్. అంతకుముందే గండికోటలోనో, ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లోనో తీసిన ప్రీ-వెడ్డింగ్ ఫుటేజ్. ఇదంతా టైమ్‌లైన్ మీద పెట్టి ప్లే నొక్కితే నాదస్వరం ముందుకెళ్లిపోతుంది, బొమ్మ మాత్రం తలంబ్రాల దగ్గరే ఆగిపోతుంది. అటు పెళ్లివారి నుంచి "వీడియో ఎప్పుడిస్తావన్నా?" అని రోజూ ఫోన్లు. ఆ టెన్షన్‌లో కంప్యూటర్ షాపుకి వెళితే మొదట వినిపించే మాట ఒక్కటే: "మంచి గ్రాఫిక్ కార్డు ఏసుకోన్నా, దూసుకుపోతాది."

కొందరికి ఆ సలహా సరిపోతుంది. కానీ మన దగ్గర పెళ్లి వీడియోలు చేసేవాళ్లలో ఎక్కువమందికి అసలు ఇబ్బంది వేరే చోట ఉంటుంది. కెమెరా ఇచ్చిన ఫైలును విప్పి చూపించడానికే సిస్టమ్ ఆయాసపడుతుంటుంది. ఆ ఫైలును విప్పలేని కార్డుకు ఎంత డబ్బు పోసినా టైమ్‌లైన్ ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. కాబట్టి ఏం కొనాలన్నది తర్వాత. మీ సిస్టమ్ ఎక్కడ ఆగుతోందో ముందు తేల్చుకోవాలి. అది పావుగంట పని, ఖర్చు లేదు.

## కొనేముందు తేల్చుకోవాల్సిన నాలుగు సంగతులు

మీ ఫుటేజ్ ఏ రకం? అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. మీడియాఇన్ఫో అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో మీ కెమెరా ఫైలు ఒకటి తెరవండి. మూడు విషయాలు చూడండి: ఫార్మాట్ (ఏవీసీ అని ఉంటే హెచ్.264, హెచ్‌ఈవీసీ అని ఉంటే హెచ్.265), బిట్ డెప్త్, అంటే రంగుల మెట్లు ఎంత సన్నగా ఉన్నాయో (8 లేదా 10), క్రోమా సబ్‌శాంప్లింగ్, అంటే రంగు వివరం ఎంత ఉంచారో (4:2:0 లేదా 4:2:2). ఈ మూడూ ఒక చీటీ మీద రాసిపెట్టుకోండి. షాపులో మీకు పనికొచ్చేది ఆ చీటీయే.

ఎందుకంటే హెచ్.264, హెచ్.265 ఫైళ్లలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. అక్కడక్కడా ఒక పూర్తి ఫ్రేమ్, మధ్యలో మార్పులు మాత్రమే ఉంటాయి. మీరు టైమ్‌లైన్ మీద ఎక్కడో మధ్యలో నొక్కితే, సిస్టమ్ వెనక ఉన్న పూర్తి ఫ్రేమ్ దాకా వెళ్లి, అక్కడి నుంచి లెక్క వేసుకుంటూ వచ్చి ఆ బొమ్మను తయారు చేయాలి. సినిమా చూసేటప్పుడు ఇది వరుసగా జరుగుతుంది కాబట్టి తెలియదు. ఎడిటింగ్‌లో మనం ముందుకీ వెనక్కీ దూకుతూ ఉంటాం, పైగా మూడు కెమెరాలకీ ఒకేసారి. ఈ పని కోసం ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లోనూ (ఇంటెల్‌లో దీన్ని క్విక్ సింక్ అంటారు), విడి గ్రాఫిక్ కార్డులోనూ ప్రత్యేకంగా డీకోడర్ సర్క్యూట్ ఉంటుంది. అయితే ఏ డీకోడర్ ఏ రకం ఫైలును విప్పగలదో తయారీ రోజే తేలిపోతుంది. దానికి చేతకాని ఫైలు వస్తే భారమంతా ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది.

| ఫుటేజ్ రకం | ఇంటెల్ క్విక్ సింక్ (11వ జనరేషన్ నుంచి) | ఎన్‌విడియా 10 నుంచి 40 సిరీస్ దాకా | ఎన్‌విడియా 50 సిరీస్ |
|---|---|---|---|
| హెచ్.264, 8-బిట్ 4:2:0 | విప్పుతుంది | విప్పుతుంది | విప్పుతుంది |
| హెచ్.265, 10-బిట్ 4:2:0 | విప్పుతుంది | విప్పుతుంది | విప్పుతుంది |
| హెచ్.265, 10-బిట్ 4:2:2 | విప్పుతుంది | విప్పదు | విప్పుతుంది |
| హెచ్.264, 10-బిట్ 4:2:2 | విప్పదు | విప్పదు | విప్పుతుంది |

ఈ పట్టికలో మూడో వరుస, నాలుగో వరుస దగ్గర కాసేపు ఆగండి. సోనీ ఏ7 ఫోర్, ఎఫ్‌ఎక్స్3, కెనాన్ ఆర్6 లాంటి కెమెరాల్లో లాగ్‌లో, అంటే తర్వాత కలర్ చేసుకోవడానికి వీలుగా రంగులు చప్పగా ఉంచి, షూట్ చేసేవాళ్ల ఫుటేజ్ ఎక్కువగా ఈ రెండిట్లోనే పడుతుంది. ఆర్‌టీఎక్స్ 4070 ఉన్న సిస్టమ్‌లో కూడా ఈ ఫైళ్లు జెర్క్ అవుతుంటే ఆశ్చర్యపోవాల్సిన పనిలేదు. వాటిలో హెచ్.265 ఫైలైతే మామూలు ఐ5-12400 మీద, లోపలి గ్రాఫిక్స్‌తో, సాఫీగా నడవొచ్చు.

ఏ సాఫ్ట్‌వేర్? మన దగ్గర ట్రెడిషనల్ పెళ్లి వీడియోలకు ఇప్పటికీ చాలామంది ఎడియస్ వాడతారు. అది ప్రాసెసర్ మీదా, ఇంటెల్ క్విక్ సింక్ మీదా బాగా ఆధారపడుతుంది. ప్రీమియర్ ప్రో ప్రాసెసర్‌నీ గ్రాఫిక్ కార్డునీ రెండిటినీ పంచుకుంటుంది. డావిన్చీ రిజాల్వ్‌కి మాత్రం గ్రాఫిక్ కార్డే ప్రాణం. కలర్, నాయిస్ రిడక్షన్, మ్యాజిక్ మాస్క్ అన్నీ దాని మీదే నడుస్తాయి. రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్‌కు పరిమితులున్నాయి. 10-బిట్ ఫైళ్లతో రోజూ పని ఉంటే పూర్తి ప్రయోజనం స్టూడియో వెర్షన్‌లోనే అందుతుంది. ఒక్కసారి కొంటే చాలు, నెలనెలా కట్టేది కాదు కాబట్టి దాన్నీ అప్‌గ్రేడ్ ఖర్చులో ఒకటిగానే లెక్కేయండి.

ఎక్కడ ఆలస్యం? ప్లేబ్యాక్ ఆగుతోందా, ఎఫెక్ట్ వేశాక ఆగుతోందా, ఎక్స్‌పోర్ట్‌కి గంటలు పడుతోందా? ఈ మూడిటికీ మందు వేర్వేరు. మీ ప్రాజెక్టులో బాగా బరువైన చోటు, అంటే మూడు కెమెరాలూ కలిసి నడిచే జీలకర్ర బెల్లం లాంటి చోటు, ప్లే చేస్తూ కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో చూడండి (సీపీయూ అంటే ప్రాసెసర్, జీపీయూ అంటే గ్రాఫిక్స్).

| కనిపించేది | అర్థం |
|---|---|
| సీపీయూ 95 నుంచి 100 శాతం, జీపీయూలో "వీడియో డీకోడ్" సున్నా దగ్గరే | ఫైలును విప్పే సర్క్యూట్ లేదు, లేదా ఆఫ్‌లో ఉంది |
| మెమరీ 90 శాతం దాటి, డిస్క్ కూడా గిలగిలలాడుతోంది | ర్యామ్ చాలట్లేదు |
| డిస్క్ యాక్టివ్ టైమ్ 100 శాతం, సీపీయూ ఖాళీగా ఉంది | హార్డ్ డిస్క్ అందించలేకపోతోంది |
| జీపీయూ 3డీ లేదా క్యూడా గ్రాఫ్ నిండుగా, డెడికేటెడ్ మెమరీ అంచు దాకా | గ్రాఫిక్ కార్డు మార్చాల్సిందే |
| సీపీయూ నిండుగా ఉన్నా దాని స్పీడ్ గిగాహెర్ట్జ్ రానురాను పడిపోతోంది | వేడి |

పాత సిస్టమ్ ఏం ఒప్పుకుంటుంది? మదర్‌బోర్డు మోడల్ నంబరు, ఎస్‌ఎమ్‌పీఎస్ (లోపలి పార్టులకు కరెంటు ఇచ్చే డబ్బా) మీద రాసిన వాట్లు, ర్యామ్ డీడీఆర్4నా డీడీఆర్5నా చూసుకోండి. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 కూర్చోదు. ఇంకో సంగతి: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచే అధికారికంగా అనుమతి. మీది నాలుగో ఆరో ఏడో జనరేషన్ ఐ5 అయితే దానికి కొత్త ర్యామ్, కొత్త ప్రాసెసర్ అంటూ డబ్బు పెట్టకండి. రేపు కొత్త సిస్టమ్‌లోకి తీసి పెట్టుకోగలిగిన ఎస్‌ఎస్‌డీ లాంటివి మాత్రమే కొనండి.

## రూపాయి పెట్టకుండా ముందు చేయాల్సినవి

ఇంటెల్ ప్రాసెసర్‌కి విడిగా గ్రాఫిక్ కార్డు పెట్టగానే చాలా బోర్డుల్లో లోపలి గ్రాఫిక్స్ ఆఫ్ అయిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో ఒక్క జీపీయూనే కనిపిస్తుంటే బయోస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగులు ఉండే చోటు) వెళ్లి "ఐజీపీయూ మల్టీ మానిటర్" ఆన్ చేసి, ఇంటెల్ డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయండి. ప్రీమియర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో మీడియా కింద హార్డ్‌వేర్ డీకోడింగ్‌లో ఇంటెల్‌కి టిక్ పెట్టండి. 11వ జనరేషన్ నుంచి పైవాళ్లలో కొందరి 4:2:2 కష్టాలు దీంతోనే తీరిపోతాయి.

ఎక్స్‌పోర్ట్ నెమ్మదిగా ఉందనేవాళ్లు సెట్టింగ్ చూసుకోండి. ప్రీమియర్‌లో వీబీఆర్ 2 పాస్, అంటే వీడియోను రెండుసార్లు చదివి ఎక్స్‌పోర్ట్ చేసే పద్ధతి, పెడితే హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ పని చేయదు, మొత్తం ప్రాసెసర్ మీదే నడుస్తుంది. 1 పాస్ పెట్టి బిట్‌రేట్ కాస్త పెంచితే యూట్యూబ్‌కీ, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే కాపీకీ తేడా తెలియదు.

ఇక ప్రాక్సీలు. ఫుటేజ్‌కి చిన్న సైజు కాపీలు తయారుచేసుకుని వాటి మీద ఎడిట్ చేసి, చివర్లో ఒరిజినల్‌తో ఎక్స్‌పోర్ట్ చేయడం. రాత్రి పడుకునేముందు పెట్టేస్తే తెల్లారేసరికి రెడీగా ఉంటాయి. పాత సిస్టమ్‌తో ఒక సీజన్ గట్టెక్కడానికి ఇంతకు మించిన దారి లేదు. మూడు రోజుల్లో హైలైట్స్ ఇవ్వాల్సిన వాళ్లకు మాత్రం ఆ రాత్రి కూడా బరువే.

కెమెరా దగ్గరే ఒక నిర్ణయం తీసుకోవచ్చు కూడా. మూడు గంటల ట్రెడిషనల్ వీడియోకి 10-బిట్ లాగ్ ఎందుకు? దానికి ఎవరూ ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ కలర్ గ్రేడింగ్ చేయరు. ఆ కెమెరాని 8-బిట్ 4:2:0లో పెట్టి, క్యాండిడ్ కెమెరాని మాత్రమే 10-బిట్‌లో ఉంచితే సగం బరువు అక్కడే దిగిపోతుంది. స్టూడియో ఓనరూ, షూటరూ, ఎడిటరూ ముగ్గురూ కూర్చుని ఈ మాట మాట్లాడుకోవాలి. ఫైలు బరువు మోసేది ఎడిటర్ కాబట్టి ఆ మాట ఎడిటరే ఎత్తాలి.

## ప్రాసెసర్, మదర్‌బోర్డు

10-బిట్ 4:2:2 హెచ్.265 ఫుటేజ్‌తో రోజూ పనిచేసేవాళ్లకు, ఎడియస్ వాడేవాళ్లకు నా మొదటి ఓటు దీనికే. ఇంటెల్ 12వ జనరేషన్ నుంచి పైకి ఏ ఐ5 తీసుకున్నా పెద్ద మార్పు కనిపిస్తుంది.

ఒక్క అక్షరం దగ్గర జాగ్రత్త. ఐ5-12400, ఐ5-12400ఎఫ్ రెండూ పక్కపక్కనే అమ్ముతారు. చివర "ఎఫ్" ఉన్నదానికి లోపలి గ్రాఫిక్స్ లేదు, అంటే క్విక్ సింక్ లేదు. గేమింగ్ కోసం కొనేవాళ్లకు అది లాభమే. మనకు మాత్రం ఆ కాస్త డబ్బు మిగుల్చుకోవడం అసలుకే ఎసరు. షాపువాళ్లు "ఎట్లాగూ కార్డు ఏస్తావు కదన్నా" అని ఎఫ్ మోడల్‌నే చూపిస్తారు. వద్దని చెప్పండి.

ఇంకొంచెం పెట్టగలిగితే ఐ5-12500, 13500, 14500లలో యూహెచ్‌డీ 770 గ్రాఫిక్స్ ఉంటుంది. 12400లోని యూహెచ్‌డీ 730లో వీడియో ఇంజన్ ఒకటే, 770లో రెండు. మూడు నాలుగు కెమెరాల మల్టీక్యామ్ చేసేవాళ్లకు అది పనికొస్తుంది. 13500, 14500లలో మొత్తం 14 కోర్లు ఉంటాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పోర్ట్ కూడా వేగంగా అవుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో 13, 14వ జనరేషన్ ఐ7, ఐ9 దొరికితే మాత్రం ఆలోచించండి. ఆ పెద్ద మోడళ్లలో వోల్టేజ్ సమస్యతో సిస్టమ్‌లు క్రాష్ అయ్యాయి. ఇంటెల్ 2024లో బయోస్ ద్వారా సవరణ ఇచ్చింది, వారంటీ కూడా పెంచింది. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఆ సవరణ బాగుచేయదు.

ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్ ఉన్నవాళ్ల లెక్క వేరు. బీ450 బోర్డు మీద పాత రైజెన్ 1600 లాంటిది వాడుతుంటే, బయోస్ అప్‌డేట్ చేసి అదే బోర్డులో రైజెన్ 5600 గానీ 5700ఎక్స్ గానీ వేసుకోవచ్చు. బోర్డూ ర్యామూ మార్చక్కర్లేదు కాబట్టి ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. 8-బిట్ ఫుటేజ్ వాళ్లకు ఇది చాలా మంచి బేరం. 4:2:2 వాళ్లకు మాత్రం కోర్లు పెరిగినా క్విక్ సింక్ రాదు. దానికి ఎన్‌విడియా 50 సిరీస్ కార్డో, ఫుటేజ్ హెచ్.265 అయితే ఇంటెల్ ఆర్క్ కార్డో తోడవ్వాలి.

ప్రాసెసర్ మార్చడంలో చేదు నిజం ఏమిటంటే అది ఒంటరిగా రాదు. ఇంటెల్‌లో జనరేషన్ మారితే చాలాసార్లు బోర్డు, ఒక్కోసారి ర్యామ్ కూడా మారాలి. ఐ5-12400కి డీడీఆర్4 బోర్డు తీసుకుంటే పాత డీడీఆర్4 ర్యామ్‌ను కొనసాగించుకోవచ్చు. కొత్త కోర్ అల్ట్రా 200 సిరీస్‌కి వెళితే డీడీఆర్5 తప్పనిసరి.

## గ్రాఫిక్ కార్డు

రిజాల్వ్‌లో కలర్ చేసేవాళ్లకు, నాయిస్ రిడక్షన్ ఎక్కువ వాడేవాళ్లకు ఇది మొదటి స్థానంలో ఉండాలి. మండపంలో తక్కువ వెలుతురులో తీసిన షాట్లకు డీనాయిస్ వేసి చూడండి, తేడా అప్పుడే తెలుస్తుంది. రిజాల్వ్ "జీపీయూ మెమరీ ఫుల్" అని చెప్పడం మొదలుపెట్టిందంటే కార్డు స్పీడ్ కంటే దాని మెమరీ ముఖ్యమని అర్థం. అందుకే 4కే టైమ్‌లైన్ వాళ్లకు 8 జీబీ కనీసం అనుకోండి, 12 జీబీ ఉంటే నిశ్చింత. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ ఉంది, దాని తర్వాత వచ్చిన 4060లో 8 జీబీయే. రిజాల్వ్ వాళ్లు మంచి కండిషన్‌లో ఉన్న 3060ని పాతదని పక్కన పెట్టాల్సిన పని లేదు.

4:2:2 ఫుటేజ్ ఉండి, అందులోనూ సోనీలో ఎక్స్‌ఏవీసీ ఎస్ 4:2:2, అంటే హెచ్.264 10-బిట్, తీసేవాళ్లకు 50 సిరీస్ తప్ప వేరే హార్డ్‌వేర్ దారి పై పట్టికలో లేదు. ఆర్‌టీఎక్స్ 5050, 5060 కూడా ఆ ఫైళ్లను విప్పుతాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం కొత్త వెర్షన్ అయి ఉండాలి. 2021 నాటి ప్రీమియర్‌తో 5060 పెట్టి లాభం లేదు.

ప్రీమియర్‌లో కట్స్, డిజాల్వ్‌లు, టైటిల్స్, కాస్త కలర్, ఇంతవరకే మీ పని అయితే పెద్ద కార్డు అవసరం లేదు. జీటీఎక్స్ 1650 స్థాయి నుంచి 3060కి వెళ్లినా 8-బిట్ ఫుల్ హెచ్‌డీ టైమ్‌లైన్‌లో మీకు పెద్దగా తేడా తెలియకపోవచ్చు. ఆ డబ్బుతో ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ కొంటే రోజంతా తెలుస్తుంది.

కార్డుతోపాటు వచ్చే ఖర్చు ఎస్‌ఎమ్‌పీఎస్. ఆర్‌టీఎక్స్ 3060కి 170 వాట్లు, 5060కి 145 వాట్లు కావాలి. రెండిటికీ ఎన్‌విడియా 550 వాట్ల సప్లై చెబుతుంది. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్‌ఎమ్‌పీఎస్ మీద 500 వాట్లు అని రాసి ఉన్నా నమ్మొద్దు. 80 ప్లస్ రేటింగ్ ఉన్న మంచి కంపెనీది తీసుకోండి. అది మార్చే ఓపిక లేనివాళ్లకు ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ ఉంది. 70 వాట్లే తీసుకుంటుంది, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు.

సెకండ్‌హ్యాండ్ కార్డుల గురించి ఒక మాట. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక మైనింగ్‌లో నలిగిన కార్డులు గుట్టలుగా మార్కెట్లోకి వచ్చాయి. అవి ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. బిల్లు, మిగిలిన వారంటీ లేకుండా కార్డు కొనొద్దు. కొనేముందు అరగంట లోడ్ పెట్టి ఫ్యాన్ శబ్దం, వేడి చూడండి.

## ర్యామ్

8 జీబీతో ఎడిటింగ్ చేసేవాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా 16కి వెళ్లాలి. ఫుల్ హెచ్‌డీకి 16, 4కేకి 32 అని అడోబీ కూడా చెబుతుంది. మన స్టూడియోల్లో ఇంకో సంగతి ఉంది. ఒకే సిస్టమ్‌లో ప్రీమియర్ తెరిచి ఉండగానే ఆల్బమ్ డిజైన్ కోసం ఫొటోషాప్, పాటల కోసం క్రోమ్‌లో పది ట్యాబ్‌లు, పక్కన వాట్సాప్. అలాంటి చోట 32 జీబీ విలాసం కాదు. 64 జీబీ మాత్రం ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో బరువైన పని చేసేవాళ్లకే.

ఒక్క 16 జీబీ స్టిక్ కంటే రెండు 8 జీబీ స్టిక్‌లు మేలు. డ్యూయల్ ఛానల్‌లో లోపలి గ్రాఫిక్స్‌కి కూడా ఊపిరి ఆడుతుంది. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌లు ఏఐ డేటా సెంటర్లకు పోతుండటంతో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఎస్‌ఎస్‌డీల మీదా ఆ ప్రభావం పడింది. వారానికోసారి మారే ధరలు కాబట్టి ఇక్కడ రూపాయల లెక్క వేయలేదు. ఏది ముందు, ఏది వెనక అన్న వరుస మాత్రం ధరలతో మారదు.

## ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్

ఇక్కడ ఒక అపోహ ఉంది. 100 ఎంబీపీఎస్‌లో తీసిన 4కే ఫైలు సెకనుకు 12.5 ఎంబీ మాత్రమే అడుగుతుంది. గంట ఫుటేజ్ 45 జీబీ. మామూలు 7200 ఆర్‌పీఎమ్ హార్డ్ డిస్క్ సెకనుకు 150 ఎంబీ పైనే ఇస్తుంది. కాబట్టి ఒక్క కెమెరా ఫైలు ఆగిపోతుంటే తప్పు హార్డ్ డిస్క్‌ది కాదు. సెకనుకు 7,000 ఎంబీ ఇచ్చే జెన్4 ఎన్‌వీఎంఈ (బోర్డులోనే గుచ్చే వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) కొన్నా ఆ ఫైలు అలాగే ఆగుతుంది.

హార్డ్ డిస్క్ చతికిలపడేది మల్టీక్యామ్‌లో. నాలుగు ఫైళ్ల కోసం సూది నాలుగు చోట్లకు పరుగెత్తాలి. అదే డిస్క్‌లో క్యాష్ ఫైళ్లు, అంటే సాఫ్ట్‌వేర్ తన పని కోసం రాసుకునే తాత్కాలిక ఫైళ్లు, కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీకి ఆ పరుగు లేదు. సెకనుకు 550 ఎంబీ ఇచ్చే సాటా ఎస్‌ఎస్‌డీ కూడా పెళ్లి వీడియోలకు చాలు. బోర్డులో ఎం.2 స్లాట్ ఉంటే జెన్3 ఎన్‌వీఎంఈ తీసుకోండి. జెన్4, జెన్5 మోజులో పడొద్దు.

నేను అందరికీ చెప్పే అమరిక ఇది: విండోస్, సాఫ్ట్‌వేర్, క్యాష్ ఒక ఎస్‌ఎస్‌డీలో. ఇప్పుడు చేస్తున్న ప్రాజెక్టుల ఫుటేజ్ రెండో ఎస్‌ఎస్‌డీలో. డెలివరీ అయిపోయినవి పెద్ద హార్డ్ డిస్క్‌లో, ఇంకో కాపీ బయటి డిస్క్‌లో. ఒకసారి జరిగిన పెళ్లిని మళ్లీ షూట్ చేయలేం. ఆ రెండో కాపీ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎస్‌ఎస్‌డీని అంచు దాకా నింపకండి, ఐదో వంతు ఖాళీ ఉంచండి. చవక ఎస్‌ఎస్‌డీలు వంద జీబీ కాపీ చేసేటప్పుడు మధ్యలో ఒక్కసారిగా నెమ్మదిస్తాయి, అది వాటి నిర్మాణమే.

అన్నిటికంటే చవకైన అప్‌గ్రేడ్ కూడా ఇక్కడే ఉంది: కార్డ్ రీడర్. పాత యూఎస్‌బీ 2.0 రీడర్‌తో 128 జీబీ కార్డు కాపీ కావడానికి గంట పడుతుంది. యూఎస్‌బీ 3.0 రీడర్‌ని క్యాబినెట్ వెనక నీలం పోర్టుకి పెడితే మామూలు ఎస్‌డీ కార్డుతో కూడా ఇరవై ఐదు నిమిషాల్లో అయిపోతుంది. పెళ్లికి ఆరు కార్డులు వచ్చే స్టూడియోలో ఒక పూట మిగులుతుంది.

## ఎండ, దుమ్ము, కరెంటు

ఊరికీ సిస్టమ్‌కీ ఏం సంబంధం అనుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో మన మూడు జిల్లాల్లోనూ బయట 40 డిగ్రీలు దాటుతుంది. మేడ మీద గదిలో స్టూడియో ఉంటే చెప్పనే అక్కర్లేదు. గది వేడి ఎంత పెరిగితే ప్రాసెసర్ వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించుకుంటాయి. జనవరిలో గంటలో అయిన ఎక్స్‌పోర్ట్ మేలో గంటన్నర పడుతోందంటే కొత్త ప్రాసెసర్ కొనేముందు క్యాబినెట్ తెరవండి. అనంతపురంలో ఆషాఢం గాలికి వచ్చిన దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య చాపలా పేరుకుని ఉంటుంది. బ్లోయర్‌తో ఊది, పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాయండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. ఇంటెల్‌తో వచ్చే చిన్న కూలర్ బదులు ఒక టవర్ కూలర్, ముందు ఒకటి వెనక ఒకటి ఫ్యాన్లు ఉంటే చాలు.

యూపీఎస్ లెక్క కూడా చూసుకోండి. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. 3060 కార్డు, ఐ5, మానిటర్ కలిసి ఎక్స్‌పోర్ట్‌లో ఆ అంచుకు చేరతాయి. కరెంటు పోగానే యూపీఎస్ "కీ" అని అరిచి అది కూడా ఆఫ్ అవుతుంది. గ్రాఫిక్ కార్డు వేసుకుంటే 1000 వీఏకి వెళ్లండి.

## మొత్తం సిస్టమే మార్చాలా? మ్యాక్ మినీ సంగతేంటి?

8వ జనరేషన్ కంటే పాత సిస్టమ్ అయితే ముక్కలు ముక్కలుగా మార్చడం కంటే కొత్తది కట్టించుకోవడమే మేలు. ఐ5 (ఎఫ్ లేనిది), 32 జీబీ, రెండు ఎస్‌ఎస్‌డీలతో మొదలుపెట్టి, గ్రాఫిక్ కార్డును వచ్చే సీజన్‌కి వాయిదా వేయొచ్చు. మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ మాత్రం ఇప్పుడే పెట్టించుకోండి.

2024 చివర్లో వచ్చిన ఎం4 మ్యాక్ మినీ బేస్ మోడల్ 16 జీబీతో 59,900 రూపాయలకు మొదలైంది. హెచ్.265 4:2:2ని హాయిగా నడుపుతుంది, కరెంటు చాలా తక్కువ తీసుకుంటుంది, చప్పుడుండదు. ప్రీమియర్, రిజాల్వ్ వాళ్లు నిజంగా ఆలోచించాల్సిన ఎంపిక. కానీ ఎడియస్ మ్యాక్‌లో నడవదు. ర్యామ్ తర్వాత పెంచుకోలేరు. బేస్ మోడల్‌లో స్టోరేజ్ 256 జీబీయే, కాబట్టి బయటి ఎస్‌ఎస్‌డీ ఖర్చు కలుపుకోవాలి. రిపేరు వస్తే మన ఊరి షాపులో విప్పి చూసే వస్తువు కాదు.

## ఎవరికి ఏది ముందు

| మీరు | మొదట | తర్వాత | ఇప్పుడే వద్దు |
|---|---|---|---|
| ఎడియస్‌లో ట్రెడిషనల్ పెళ్లి వీడియోలు | క్విక్ సింక్ ఉన్న ఐ5, బోర్డు | ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ | పెద్ద గ్రాఫిక్ కార్డు |
| ప్రీమియర్‌లో క్యాండిడ్, 10-బిట్ హెచ్.265 | అదే ఐ5, లేదా 50 సిరీస్ కార్డు | 32 జీబీ | జెన్5 ఎస్‌ఎస్‌డీ |
| రిజాల్వ్‌లో కలర్ ఎక్కువ | 12 జీబీ కార్డు, ఎస్‌ఎమ్‌పీఎస్ | 32 జీబీ, స్టూడియో వెర్షన్ | 14 కోర్ల ప్రాసెసర్ |
| ఫోన్ ఫుటేజ్‌తో యూట్యూబ్, రీల్స్ | ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ | మామూలు కార్డు | మిగతావన్నీ |

ప్రీమియర్ వరుసలో రెండు దారులిచ్చాను. ఇప్పటికే 8 కోర్ల రైజెన్ ఉన్నవాళ్లు కార్డు వైపు, 8 నుంచి 10 జనరేషన్ ఐ5 ఉన్నవాళ్లు ప్రాసెసర్ వైపు వెళ్లడం న్యాయం. ఫోన్ ఫుటేజ్ వాళ్లకు ఇంకో చిక్కు ఉంటుంది. ఫోన్లు ఫ్రేమ్ రేట్ మారుస్తూ రికార్డ్ చేస్తాయి, దాంతో ఆడియో జారుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి మార్చుకుంటే సరిపోతుంది, దానికి హార్డ్‌వేర్ కొనక్కర్లేదు.

ల్యాప్‌టాప్ వాళ్లకు మార్చగలిగేవి సాధారణంగా రెండే, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, అది ముందు కనుక్కోండి.

## ఎక్కడ కొనాలి

కర్నూలు వాళ్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి, అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకి, కడప వాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లడం మామూలే. అక్కడ మోడళ్లు ఎక్కువ, బేరం ఉంటుంది. కానీ రెండొందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం, పార్ట్ పాడైతే మళ్లీ అదే దారి. నా అభిప్రాయంలో ప్రాసెసర్, ర్యామ్ లాంటివి బయట నుంచి తెచ్చుకోవచ్చు, అవి పాడయ్యేది తక్కువ. ఎస్‌ఎమ్‌పీఎస్, మదర్‌బోర్డు, యూపీఎస్ మాత్రం ఊళ్లోనే, సీజన్ మధ్యలో ఫోన్ చేస్తే పలికే షాపులో కొనండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న స్టూడియోలు తమ నంబరుతో బిల్లు తీసుకుంటే, కట్టిన 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా చూపుకోవచ్చు. కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు.

షాపుకి వెళ్లేటప్పుడు ఆ మీడియాఇన్ఫో చీటీతోపాటు మీ సొంత ఫుటేజ్ నాలుగు క్లిప్‌లు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. కట్టించిన సిస్టమ్‌లో మీ సాఫ్ట్‌వేర్ ట్రయల్ వేయించి, ఆ క్లిప్‌లతో మల్టీక్యామ్ నడిపి, టాస్క్ మేనేజర్‌లో "వీడియో డీకోడ్" గ్రాఫ్ లేస్తోందో లేదో చూసి అప్పుడు డబ్బు కట్టండి. క్లిప్‌లను ముందు ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేయాలి. పెన్‌డ్రైవ్ నుంచే నడిపితే మీరు కొలిచేది పెన్‌డ్రైవ్ స్పీడే అవుతుంది.